రెండు మెట్లు పైకి

నా హార్మోనియం పెట్టె మోసేది మా ఆయన. ఏ ఊరివాళ్లు నాటకానికి పిలిచినా బస్టాండు దాకా మోపెడ్ మీద, బస్సు దిగినాక భుజం మీద. నేను మోసేది వేరే ఉంది. దాన్ని ఇన్నేళ్లలో ఎవరి ముందూ దించలేదు. నీకు చెబుతాను. నువ్వెవరో నాకు తెలియదు. విని నీ ముఖం మాడినా నాకు కనపడదు. అందుకే నీకు.

మేమిద్దరం పద్యనాటకం మనుషులం. ఆయన రాజు వేషం కట్టేవాడు. నేను పెట్టె వాయించేదాన్ని, మా నాయన నేర్పిన విద్య. శింగనమల చుట్టుపక్కల ఊళ్లలో ఆయన గొంతెత్తితే జనం కూర్చున్నచోట కూర్చోలేకపోయేవాళ్లు. వన్స్‌మోర్, వన్స్‌మోర్ అని ఒకటే ఈలలు. పద్యం అయ్యాక మెడ నిండా దండలు. నాకెవరూ వేయలేదు. పెట్టె వాయించేవాళ్లకు దండెవడు వేస్తాడు? దానికి నేనెప్పుడూ కుళ్లుకోలేదు. నిజంగా కుళ్లుకోలేదా? ఏమో, ఇప్పుడు గట్టిగా చెప్పలేను.

ఒకటి మాత్రం చెప్పాలి. ఆయన మంచివాడు. తాగి నన్ను తన్ని ఉంటే ఎంత బాగుండేది! చెప్పుకోవడానికి ఒక సాకన్నా ఉండేది.

కళ్యాణదుర్గంలో నాటకపోటీలు పెట్టారు. మా ఆట రేపనగా హైదరాబాదు నుంచి ఒక పెద్ద నాటకాల కంపెనీ మేనేజరు మా బసకు వచ్చాడు. మా ఆయన్ని తమ కంపెనీలోకి తీసుకుంటానని, రేపు పద్యం విని ఖాయం చేస్తానని అన్నాడు. నేను టీ పట్టుకొని గుమ్మం దాకా వచ్చాను. "పెట్టెకు మాకు మనిషున్నాడు. ఆవిడ అక్కర్లేదు" అంటున్నాడు మేనేజరు.

"సరేన్నా" అన్నాడు నా మొగుడు.

అంతే. కాస్త ఆగి, కాస్త గొంతు తగ్గించి అన్నా నేను ఓర్చుకునేదాన్నేమో. పాన్‌లో సున్నం వద్దంటే సరే అన్నట్టు అన్నాడు. నేను లోపలికి పోయి టీ ఇచ్చాను. ఇంకొంచెం చక్కెర కావాలా అని కూడా అడిగాను.

మరునాడు మధ్యాహ్నం, షామియానా కింద ఆట. పద్యం పాడేవాడు శ్రుతి పెట్టె దగ్గరే తీసుకుంటాడు. నేను ఏ మెట్టు నొక్కి పడితే, దాన్నే ఆధారం చేసుకుని గొంతెత్తుతాడు. సరైందేనా అని అడగడు. మా ఆయన అసలే అడగడు. ఆఖరి అంకం వరకు సరిగానే ఇచ్చాను. భార్యను పోగొట్టుకున్న రాజు ఏడ్చే పద్యం వచ్చింది. అప్పటికే గొంతు అలిసి ఉంది. నేను రెండు మెట్లు పైకి జరిగి, ఆ గొంతుకు అందనంత హెచ్చు శ్రుతి పట్టాను. తబలా ఆయన తలెత్తి నా వైపు చూశాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను. పాపం, ఆ తబలా ఆయన ఇప్పుడు లేడు.

మొదటి పాదం మా ఆయన ఎలాగో లాగాడు. మూడో పాదంలో రాగం తీయబోతే గొంతు పగిలింది. కోడి కూసినట్టు కూసింది. జనం నవ్వారు. నిన్నటిదాకా ఈల వేసిన నోళ్లే. మేనేజరు భోజనానికి కూడా ఆగకుండా కారెక్కి వెళ్లిపోయాడు.

వేషం తీస్తూ ఆయన నన్ను అడిగాడు. ముఖాన సగం రంగు అట్లే ఉంది.

"ఏమే, నిజం చెప్పు. పెట్టె సరిగ్గానే ఉండెనా?"

"పెట్టెకేమొచ్చిందప్పా, ఎప్పుడూ ఉండేట్లే ఉండాది. నీ గొంతే పోయినాది."

"అంతేనంటావా?"

"అంతే."

కోపంలో చేశాను, ఒక్కసారే చేశాను అని ఇక్కడితో ఆపితే నువ్వు కాస్త జాలిపడతావు. వద్దు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఆయన సాధనకు కూర్చునేవాడు. మిరియాల కషాయం తాగి, లేపాక్షి వీరభద్రుడికి మొక్కుకొని, చిన్నపిల్లాడిలా నా ఎదుట కూర్చునేవాడు. రోజూ ఆ రెండు మెట్లు పైనే ఇచ్చాను. కావాలని, కళ్లు తెరుచుకొని ఇచ్చాను. గొంతు పగిలినప్పుడల్లా ఆయన ముఖం చూసేదాన్ని. చివరికి ఒకరోజు ఆయనే "సాల్లే, ఇంగ రాదు" అని లేచాడు. ఆ పూట నేను కడుపునిండా అన్నం తిన్నాను.

ఆ తర్వాత నాకు కలిసొచ్చింది. వేరే రాజులకు వాయించాను. ఆడ హార్మోనిస్టు అని పేరొచ్చింది, శాలువాలు కప్పారు. ఆయన స్టేజీ పక్కన కుర్చీ వేసుకొని, నా చెప్పులు కాళ్ల కింద దాచుకొని కూర్చుంటాడు. "మా యింటిది వాయిస్తాండాది" అని పక్కవాళ్లకు చెబుతాడు. నేను కోరుకున్నది ఇదేనా? ఇదే. ఇంకేదో అని బుకాయించడానికి ఈ వయసులో ఓపిక లేదు.

మొన్న ధర్మవరం నుంచి మా కూతురు వచ్చి వాళ్ల నాయన ఫోన్‌లో శ్రుతి మోగేదేదో పెట్టిపోయింది. రెండు రోజులు శెనక్కాయ చేనులో దాని శ్రుతికి ఒక్కడే పాడుకున్నాడట. మూడో రోజు పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చాడు. "గొంతొచ్చినాదే! పద్యం అంతా వచ్చినాది! పెట్టె తీయి" అన్నాడు. కళ్లలో నీళ్లు. ఆ ముసలి ముఖంలో ఆ వెలుగు చూసి నాకు గుండె ఝల్లుమంది. సంతోషంతో అని రాయాలనే ఉంది. భయంతో.

పెట్టె తీశాను. సరైన మెట్టు ఎక్కడుందో నా వేలికి తెలుసు. దాన్ని దాటి పైకి పోయి పట్టాను.

మూడో పాదంలో పగిలింది.

ఆయన చాలాసేపు ఫోన్ వైపు చూశాడు. ఇంక అయిపోయింది, తెలిసిపోయింది అనుకున్నాను. తెలిస్తే బాగుండునని కూడా, ఒట్టు, ఒక్క నిమిషం అనుకున్నాను. ఆయన ఫోన్ నా ముందు పెట్టాడు.

"తీసేయ్ మే దీన్ని. మిషనుకేం తెలుసు, ఊరికే ఆశపెడతాది. నీ పెట్టె అబద్ధం చెప్పదు."

తీసేశాను.

ఇదంతా రాశాక నాకు ఒళ్లు తేలికైంది. అది కూడా నాకే. ఆయన బయట, రేపటి ఆటకు మోపెడ్ వెనక నా పెట్టె కడుతున్నాడు.