దారంతా చదివిన కార్డు

కాశిబుగ్గలో మగ్గం నేసే వెంకట్రాజాన్ని అందరూ మేనేజర్ సాబ్ అని పిలిచేవాళ్లు. ఆ పదవి తనకెట్లా వచ్చిందో ఆయనే నవ్వుకుంటూ చెప్పేవాడు. డెబ్బయి నాలుగులో వాడకట్టు కుర్రాళ్లు ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకున్నప్పుడు సైకిల్ పంపు ఉన్నది ఆయన ఇంట్లోనేనట. పైగా పుట్టి బుద్ధెరిగి బంతిని తన్నలేదు కాబట్టి, తనను తానే ఆటలోకి దింపుకుంటాడన్న భయం ఎవరికీ లేదట. ఊరి బడిలో ఏడో తరగతి చదివినవాడికి ఇంతకంటే పెద్ద అర్హతలు ఎక్కడివి అనేవాడు.

ఆట ఉన్న రోజు తలస్నానం చేసి, మల్లన్న పటానికి మొక్కి, బంతికి కుంకుమబొట్టు పెట్టి గాలి కొట్టేవాడు. అంతవరకు ఏ లోటూ లేదు. పదకొండుగురి పేర్లు చదివే దగ్గరే చిక్కు. ఇయ్యాల నువ్వు వద్దు అనే మాట ఆయన నోటికి రాదు. మా వాడు రెండు వారాల నుంచి ఆడలేదని ఏ తల్లి వచ్చి చెప్పినా ఆ ఆదివారం వాడు ఆడేవాడు. అట్లాంటి ఒకణ్ని గోల్ కాయడానికి నిలబెడితే ఐదు గోల్స్ పడ్డాయి. ఆ సాయంత్రం వాడి తల్లి సంతోషంగా సర్వపిండి పంపింది. ఓడిపోయిన బాధలో కూడా రెండు ముక్కలు తిన్నానని ఆయన ఒప్పుకునేవాడు.

ఎనభై మూడు ఎండాకాలంలో సుబేదారి గ్రౌండ్‌లో పోటీలు పెట్టారు. కాశిబుగ్గ వాళ్లు వరసగా మూడు ఆటలు ఓడారు. ఇంకొక్క ఆట, వచ్చే ఆదివారం, మిగిలి ఉంది. సోమవారం కమిటీ కూర్చుని మేనేజర్‌ను మార్చాలని తీర్మానించింది. చెప్పవలసిన పని సెక్రెటరీ రాజేశ్వర్ రావు మీద పడింది. ఆయనది బజారులో బట్టల దుకాణం. వెంకట్రాజం నేసిన తువ్వాళ్లే ఏళ్ల తరబడి అమ్ముతున్నవాడు. ముఖాముఖి చెప్పలేక పంచాంగం తిరగేశాడు. అందులో పెళ్లికి, విత్తనాలకు, బండి కొనడానికి మంచి ఘడియలున్నాయి గాని, మనిషిని తీసేయడానికి ఏదీ లేదు. చివరికి వర్జ్యం దాటాక ఒక పోస్టు కార్డు రాసి డబ్బాలో వేశాడు. కవరులో పెట్టాలని ఆయనకు తోచలేదు.

బుధవారం ఆ కార్డు పోస్టుమాన్ భాస్కర్ చేతికి వచ్చింది. కాశిబుగ్గలో సగం ఇళ్లకు కార్డులు చదివి పెట్టేది అతనే. అలవాటు కొద్దీ నడుస్తూ దీన్నీ చదివి, నడిరోడ్డు మీద ఆగిపోయాడు. ఆదివారం ఆట పెట్టుకుని ఈ కబురు ఆ మనిషికి ఎట్లా ఇవ్వడమని కార్డును సంచి అడుగున దాచాడు. కాని ఒక్కడే మోయలేక, ఎవరితోనూ అనవద్దని చాయ్ దుకాణం ఉప్పలయ్యకు చెప్పాడు. పొద్దు వాలేలోగా ఎవరితోనూ అనవద్దనుకుంటూ వాడకట్టంతా చెప్పుకున్నారు. తెలియనిది వెంకట్రాజానికి ఒక్కడికే.

మరునాటి నుంచి ఆయన కాలు నేల మీద నిలవలేదు. ఉప్పలయ్య చాయ్ మీద మీగడ వేసి ఇచ్చాడు. పక్కింటి సమ్మమ్మ చింతచిగురు పప్పు పంపింది. ప్రహరీ గోడ పేచీతో రెండేళ్లుగా పలకరించని వెంకటయ్య తనంతట తానే వచ్చి మగ్గం తాళ్లు బిగించి పోయాడు. తన విలువ జనానికి ఇప్పటికి తెలిసిందని వెంకట్రాజం అనుకున్నాడు. చాయ్ ఎట్లా కాచాలో ఉప్పలయ్యకు నాలుగు సలహాలు కూడా ఇచ్చాడు.

"చూసినవా, మల్లన్నకు మొక్కిన మొక్కు ఊకెనే పోలేదే," అన్నాడు భార్య మొగిలమ్మతో.

ఆమెకు కూడా అప్పటికే తెలుసు. అన్నంలో ఇంకో చెంచా నెయ్యి వేసింది.

ఆదివారం గ్రౌండ్‌కు ఖాకీ ప్యాంటు వేసుకున్న ఒక కొత్త మనిషి వచ్చాడు. పేరు కొమురెల్లి, డోర్నకల్‌లో రైల్వే పని, మంచి ఆటగాడు. కమిటీ పిలిపించిన కొత్త మేనేజర్. వచ్చేసరికి వెంకట్రాజం బంతికి బొట్టు పెడుతున్నాడు, కుర్రాళ్లంతా తలలు వంచుకుని నిలబడ్డారు. ఈయనకు ఇంకా ఎవరూ చెప్పలేదని అతనికి అర్థమైంది. ఆట చూద్దామని వచ్చానన్నాడు. అంత దూరం నుంచి వచ్చినందుకు వెంకట్రాజం మురిసిపోయి తన స్టూలే ఇచ్చాడు.

సగం ఆటకు కాశిబుగ్గ ఒక గోల్ వెనకబడి ఉంది. కొమురెల్లి మెల్లగా దగ్గరికి జరిగాడు.

"అన్నా, ఒక్క మాట. ఆ పొడుగు పిలగాన్ని జర గోల్ ముంగట నిలబెడితే ఎట్లుంటది? కుంటుతున్నోన్ని కూసోవెట్టు."

"నేను గూడ గదే అనుకుంటాన," అన్నాడు వెంకట్రాజం. అనుకోలేదు. పొడుగు కుర్రాణ్ని ముందుకు పంపాడు గాని, కుంటేవాడి దగ్గరికి పోయి వాడి చేతిలో ఒక నిమ్మకాయ ముక్క పెట్టి నిలబడ్డాడు. కొమురెల్లే వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"మంచిగ ఆడినవ్ బిడ్డా. ఇగ కూసో."

వాడు కూర్చున్నాడు. నిమ్మకాయ ముక్క చప్పరించాడు. అలగలేదు, ఏడవలేదు. ఇంత చిన్న మాటా అని వెంకట్రాజం నోరు తెరిచి చూశాడు. ఆట ఒకటి ఒకటితో సమానంగా ముగిసింది. ఆ ఏడాది వాళ్లు ఓడనిది ఆ ఒక్కటే.

కుర్రాళ్లు గంతులేస్తుండగా భాస్కర్ వచ్చి జేబులోంచి కార్డు తీసి ఇచ్చాడు.

"ఆదివారం టపా ఎక్కడిదిరా?"

"బుధవారం నాటిది మామా. తప్పు నాదే."

ఉభయ కుశలోపరి అని మొదలైంది. ఆదివారం ఆట మొదలు మేనేజర్ బాధ్యత నుంచి విరమించగలరు, కొమురెల్లి గారికి పంపు అప్పగించగలరు అని ముగిసింది. చదువుతుంటే మీగడ చాయ్, చింతచిగురు పప్పు, బిగించిన మగ్గం తాళ్లు, చెంచాడు నెయ్యి ఒక్కొక్కటే కళ్ల ముందుకు వచ్చి నిలబడ్డాయి. ఉప్పలయ్యకు తానిచ్చిన సలహాలు గుర్తొచ్చినప్పుడు స్టూలు కింద దూరుదామనిపించింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. మేనేజర్ సాబ్ అన్నది తొమ్మిదేళ్ల పిలుపు. కాని తన సొంత పంపును అప్పగించమన్న దగ్గర నవ్వు ఆగలేదు.

రాజేశ్వర్ రావు తల వంచుకుని వచ్చాడు. ముఖం చూసి చెప్పలేకపోయానన్నాడు.

"నేను తొమ్మిదేండ్ల సంది ఒక్కన్ని గూడ ఆట నుంచి తీయలే, రావు సాబ్. మీరు కార్డన్నా రాసిండ్లు," అన్నాడు వెంకట్రాజం. పంపు కొమురెల్లి చేతిలో పెట్టి, పిడిని కొంచెం ఎడమకు తిప్పి కొడితేనే గాలి ఎక్కుతుందని చూపించాడు.

సోమవారం జవాబు రాశాడు. మొగిలమ్మ కవరు తెమ్మంటావా అని అడిగితే వద్దని కార్డు మీదే రాసి భాస్కర్ చేతికిచ్చాడు. తమ కార్డు అందినది, తీర్మానం సరియైనది, కొమురెల్లి గారు మంచి మనిషి, అని రాసి అడుగున చోటు మిగిలితే ఇంకొంత చేర్చాడు:

"ఈ కార్డును దారిలో చదువు వారందరికీ నమస్కారములు. పప్పు, చాయ్ మిక్కిలి రుచిగా ఉన్నవి. నేను మేనేజర్‌ను కాకపోయినను పంపగలరు."

రెండు మైళ్ల దూరంలోని బట్టల దుకాణానికి చేరడానికి ఆ కార్డుకు మూడు రోజులు పట్టింది.