అందరూ పోయినారు

కడపలో మిక్సీలు బాగుచేసే షాపు పైన మా గ్యాలరీ. కింద మెట్ల దగ్గర బోర్డు మీద 'ఫోటోలు' అని రాయించడం నేను చేసిన మొదటి తప్పు. రోజూ ఎవరో ఒకరు తల దువ్వుకుంటూ పైకొచ్చి, "పాపా, ఆధార్‌కి ఫోటో దిగల్ల" అంటారు.

"ఇక్కడ ఫోటోలు తియ్యరండీ, చూస్తారు!" అని అరుస్తాను. హైదరాబాద్‌లో పెరిగినదాన్ని, కోపం ముక్కు మీదే ఉంటుంది.

"సూసేదానికి ఇంత దూరం మెట్లెక్కల్లనా?" అని వాళ్ళు గొణుక్కుంటూ దిగిపోతారు.

గ్యాలరీతోపాటు ఫోటో పుస్తకాలు కూడా వేద్దామని మొదలుపెట్టాను. మొదటి పుస్తకం మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనిచేసేవాళ్ళ ముఖాలు. పన్నెండు ఫోటోలు, అన్నీ బ్లాక్ అండ్ వైట్, తీసింది కర్నూలులో ఉండే నా ఫ్రెండు. అట్ట మీదకి నేను అనుకున్నది ఒకావిడ ఫోటో. కనుబొమల మీద కూడా రాతిపొడి, ఆ పొడిలోంచి ఓ నవ్వు. అనుమతి కాగితం మీద ఆమె సంతకం పెడితేనే పుస్తకం ప్రెస్సుకి పోతుంది. ఫోన్లో చూపిస్తే ఆమె మొహం చిట్లించింది.

"రంగు లేకుంటే సచ్చినోళ్ళ పటం మాదిరుండాది పాపా."

"పెద్ద ఫ్రేములో చూడండమ్మా, అచ్చం బతికున్నట్టే ఉంటారు."

"అట్లైతే గోడ మీద సూసినాంకే సంతకం."

సరే, పన్నెండూ ఫ్రేములు కట్టించి గ్యాలరీలో ప్రదర్శన పెడదామనుకున్నాను. దర్గాకి పోయే దారిలో ఫ్రేములు కట్టే చాచా ఒకాయన ఉన్నాడు. నాతో వచ్చిన ఇద్దరు స్నేహితురాళ్ళూ ఫోటోల కట్ట ఆయన బల్ల మీద పెట్టి, కారం దోసెకని ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. నేను అక్కడే స్టూలు మీద కూర్చుని రీలు ఎడిట్ చేసుకుంటున్నాను. చాచా ఒక్కో ఫోటో తిప్పి తిప్పి చూశాడు.

"అందరూ పోయినారా బేటీ?"

"ఆ చాచా, అందరూ పోయారు. నేనొక్కదాన్నే మిగిలా" అన్నాను, తల ఎత్తకుండానే.

చాచా చేతిలో ఫోటో మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"అందరూ ఒకేసారా?"

"ఆ, ఒకే ఆటోలో."

"యా అల్లా" అన్నాడు. టీ తెప్పించాడు. బిస్కెట్లు తెప్పించాడు. "తిను బేటీ. నువ్వు గట్టిగుండల్ల" అన్నాడు. కడపలో కళంటే ఎంత మర్యాదో అనుకుని, ఆ టీ గ్లాసు ఫోటో స్టోరీ కూడా పెట్టాను.

ప్రదర్శన రోజు పొద్దున ఫ్రేములు వచ్చాయి. మొదటిదానికి చుట్టిన పేపరు విప్పాను. ఫ్రేము నెత్తిన దీపం ఆకారంలో బుల్లి ఎర్ర బల్బు. రెండు పక్కలా దండకి కొక్కేలు. వెనక వైరు, దానికి ప్లగ్గు. రెండోదీ అంతే. పన్నెండూ అంతే!

ఫోన్ చేశాను. "చాచా, ఏంటిది?"

"ఏం బేటీ, ఎలగలేదా?"

"అసలు బల్బులు ఎవరు పెట్టమన్నారు? వీళ్ళంతా బతికే ఉన్నారు!"

ఆయన మెల్లగా, "నువ్వే గదా చెప్పినావు, అందరూ పోయినారని. ఒకే ఆటోలో అని గూడా అంటివి."

అరవడానికి నోరు తెరిచాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆరోజు నేను చెప్పింది దోసెకి పోయిన స్నేహితురాళ్ళ గురించి.

"స్క్రూడ్రైవర్ తీసుకుని వస్తాండా" అని ఆయనే పెట్టేశాడు.

ఆయన వచ్చేదాకా ఆగితే ఎట్లా? ఫ్రేములన్నీ గోడకి తగిలించి, కింద మిక్సీ షాపులో కటింగ్ ప్లేయర్ అడిగి తెచ్చి, బల్బులూ కొక్కేలూ పీకడం మొదలుపెట్టాను. పదకొండు వచ్చాయి. పన్నెండోది, అట్ట మీది ఆమెది, ఎంత లాగినా రాలేదు. అంతలో మెట్ల మీద అడుగులు. ఆమే. మంగంపేట నుంచి బస్సులో వచ్చింది, పసుపుపచ్చ చీరలో. నేరుగా తన ఫోటో ముందుకు పోయి నిలబడింది. బల్బు చూసింది. కొక్కేలు చూసింది. నన్ను చూసింది.

"ఏం పాపా, బతికున్నట్టే ఉంటానంటివే! లైటు ఏస్తివి, దండ మర్సిపోతివా?"

పుస్తకం పోయిందనుకున్నాను. ఆటో దగ్గర్నుంచి అంతా చెప్పేశాను. ఆమె నవ్వలేదు.

"ఇది ఎలుగుతాదా?"

"ఆఁ."

"ఎయ్యి, సూద్దాం."

ప్లగ్గు పెట్టాను. ఆ పొడి చెంప మీద ఎర్రటి వెలుగు పడింది. గదంతటికీ అదొక్కటే రంగు. ఆమె తల వాల్చి చూస్తోంది. అప్పుడే చాచా రొప్పుతూ పైకొచ్చాడు. ఫోటో వంక చూశాడు, ఆమె వంక చూశాడు. చేతిలో స్క్రూడ్రైవర్ కింద పడింది.

"ఏమప్పా, ఆ ఆటోలో నన్ను యాడ కూర్చోబెట్టినావు?" అందామె.

అప్పుడు నవ్వింది, గోడ పట్టుకుని మరీ. తర్వాత నాతో, "ఈ ఫ్రేము నాకే ఇయ్యల్ల. మా అత్త పటానికి సరిపోతాది."

చాచా ఈసారి జాగ్రత్తగా, "ఆమె పోయినాదామ్మా?" అన్నాడు.

"యాడికి పోతాది? మూడు పూటలా ముద్ద తింటానే ఉండాది. దీన్ని సూపిస్తే నా మాట ఇంటాదేమో."

కాగితం ఇచ్చాను. పెన్ను పట్టుకుని ఆగింది. "పుస్తకంలో ఒక మాట రాయల్ల. లేకుంటే సూసినోళ్ళు ఈ చాచా మాదిరే అనుకుంటారు." ఆ మాట చెప్పింది. ఫోన్లో రాసుకుని రెండుసార్లు చదివి వినిపించాను. అప్పుడు ఒక్కో అక్షరం కూడబలుక్కుని సంతకం పెట్టింది.

పుస్తకం మొదట్లో, హక్కులన్నీ మావే అని రాసుకునే పేజీలో, ఆ వాక్యం ఉంది: 'ఇందులో ఉండేవాళ్ళందరూ బతికే ఉండారు.' ప్రూఫు చూసినాయన 'ఉన్నారు' అని దిద్దాడు. ఆయనతో ఫోన్లో అరగంట కొట్లాడి మళ్ళీ 'ఉండారు' చేయించాను.