మేనల్లుడు అడిగిన ఓటు

కజకస్తాన్‌లోని కరగండాలో బొగ్గు రైళ్లు నడిపిన సార్సెన్‌ను గుండె డాక్టర్లు ఇంజను మీదనుంచి దింపేసిన తరువాత, ఆయన చాలాకాలం వంటగది కిటికీ దగ్గర కూర్చుని ఎదుటి భవనం గోడను చూస్తూ గడిపాడు. స్టెప్పీ మైదానంలో అడ్డూ ఆపూ లేకుండా ముందుకు చూడడానికి అలవాటుపడిన కళ్లకు నాలుగడుగుల్లో గోడ తగలడం ఎలాంటిదో డాక్టర్ల కాగితాల్లో రాసి ఉండదు. భార్య జెయ్‌నెష్ బజారులో ఉన్ని మేజోళ్లు అమ్ముకుని సాయంత్రం ఇల్లు చేరేసరికి, పొద్దున వదిలివెళ్లిన చోటే, వదిలివెళ్లిన తీరులోనే ఉండేవాడు.

ఆ గోడను ఆయన కళ్లముందునుంచి తప్పించింది అక్క కుల్పాష్ కొడుకు జాన్‌సెరిక్. ఒక పాత కంప్యూటర్ మోసుకొచ్చి వంటగది బల్ల మీద దించాడు.

"మామయ్యా, ఇంజను పోయిందని దిగులు పడుతున్నావట. ఇదిగో, ఇంకో ఇంజను. దీనికి డీజిల్ అక్కర్లేదు, డాక్టరు సంతకం అంతకన్నా అక్కర్లేదు."

ఆ ఆట పేరు 'ఏడో కక్ష్య'. ఎక్కడెక్కడి మనుషులో ఒకే ఆకాశంలో ఓడలు నడుపుకొనే ఆట. అందులో యుద్ధాలున్నాయి, దోపిడీలున్నాయి, వ్యాపారాలున్నాయి. సార్సెన్‌కు మాత్రం రెండు జనావాసాల మధ్య ఖాళీగా పడి ఉన్న, 'బూడిద మైదానం' అనే శూన్య ప్రదేశం నచ్చింది. అది దాటడానికి నిజమైన గడియారం ప్రకారం మూడు గంటలు పట్టేది. ఓడ తన మానాన తాను సాగుతూ ఉంటుంది. మధ్యమధ్య దిశ సరిచూసుకోవాలి, ఇంధనం గమనించుకోవాలి. ఒంటరిగా బయలుదేరిన కొత్తవాళ్లు దారి తప్పి చీకట్లో ఆగిపోయేవారు. అందుకని కజకస్తాన్‌లో ఈ ఆట ఆడే కొందరు వారం వారం ఓడలతో ఒక బిడారు కట్టి, కొత్తవాళ్లను నడుమ పెట్టుకుని మైదానం దాటించేవారు. ఏడాది తిరిగేసరికి ఆ బిడారుకు సార్సెన్ పెద్ద అయ్యాడు.

సగం దారిలో పాడుబడ్డ రేవు ఒకటి ఉండేది. అక్కడ ఓడలన్నీ ఆగేవి. ఎవరి వంటగదిలో వాళ్లు నిజమైన టీ కాచుకుని, పాలు కలుపుకుని, మైకు ముందు కూర్చునేవారు. మొదటిసారి దాటుతున్న మనిషి తన ఊరి సంగతి ఏదైనా చెప్పాలి. అది తప్ప బిడారుకు వేరే సుంకం లేదు. పెట్రోపావ్‌ల్‌లో పాతికేళ్లు భూగోళం చెప్పి రిటైరైన గలీనా ఆంద్రేయెవ్నా, దారిలో కనిపించే పేరులేని రాళ్లన్నింటికీ తన పాత విద్యార్థుల పేర్లు పెట్టేది.

"అదిగో వీత్య. వాడు క్లాసులో కూడా అలాగే ఓ మూల పక్కకు ఒరిగి ఉండేవాడు," అనేది. మూడు ఊళ్ల వంటగదుల్లో ఒకేసారి నవ్వులు వినిపించేవి.

జెయ్‌నెష్ ఎత్తిపొడుపులు ఆపేది కాదు. "ఉల్లిపాయలు తెమ్మంటే మోకాళ్లు నొప్పి. నక్షత్రాల అవతలికి వెళ్లి రమ్మంటే మాత్రం చెప్పులు కూడా వెతుక్కోడు." అయినా, భర్త మళ్లీ నవ్వుతున్నాడని అందరికన్నా ముందు గుర్తించింది ఆమే. ఆదివారం మధ్యాహ్నం బిడారు వేళకు టీ కాచి బల్ల మీద పెట్టేదీ ఆమే.

అలాంటి రోజుల్లో కంపెనీ వారు ఒక అప్‌డేట్ ప్రకటించారు. మీట నొక్కితే రెప్పపాటులో బూడిద మైదానం ఆ చివర తేలే 'తక్షణ దూకుడు' ప్రవేశపెడతారట. అభ్యంతరాలు వెల్లువెత్తేసరికి, ఈ ఒక్క మార్పును ఏడుగురు సభ్యుల ఆటగాళ్ల మండలి తీర్పుకు వదిలేస్తామన్నారు. మండలికి ఎన్నికలు జరిగాయి. బిడారు వాళ్లు, బిడారుతో ఒకనాడు మైదానం దాటినవాళ్లు కలిసి సార్సెన్‌ను నిలబెట్టి గెలిపించారు.

"రైలు నడిపిన మనిషికి దారి సంగతి నేను పాఠం చెప్పాలా?" అంది గలీనా. "మీరు వద్దంటే చాలు, సార్సెన్ గారూ. మా అందరి నోరూ మీదే."

"వద్దనే అంటాను," అని బిడారు అందరూ వింటుండగా ఆయన మాట ఇచ్చాడు.

మిగిలిన ఆరుగురిలో ముగ్గురు కావాలన్నారు, ముగ్గురు వద్దన్నారు. దారి బతుకు సార్సెన్ వేలి కొనకు వచ్చి ఆగింది.

మండలి సమావేశానికి ముందటి శనివారం కుల్పాష్ కుటుంబం భోజనానికి వచ్చింది. జెయ్‌నెష్ గుర్రపు మాంసం ఉడకబెట్టి వెడల్పు సేమ్యాల మీద వడ్డించింది. టీ రెండో విడత సాగుతుండగా జాన్‌సెరిక్ గొంతు సవరించుకున్నాడు.

"మామయ్యా, నాకు ఇంకొకటి మిగిలి ఉంది కదా?"

అక్కచెల్లెళ్ల కొడుకు మేనమామ ఇంట్లో మూడుసార్లు ఏది అడిగినా కాదనకూడదని అక్కడి ఆచారం. మొదటిసారి జాన్‌సెరిక్ తాతగారి దోంబ్రా వాద్యాన్ని తీసుకెళ్లాడు. రెండోసారి రైల్వేవారు సార్సెన్‌కు బహూకరించిన చేతిగడియారం పట్టుకెళ్లాడు.

"ఉంది, అడుగు," అన్నాడు సార్సెన్.

"ఫ్రిజ్ మాత్రం అడక్కు, నాయనా. ఎండలు ముదురుతున్నాయి," అంది జెయ్‌నెష్. అందరూ నవ్వారు.

"ఫ్రిజ్ నీకే ఉంచుకో, అత్తయ్యా. నాకు మామయ్య ఓటు కావాలి."

సార్సెన్ టీ గిన్నె కింద పెట్టాడు. "అది నాది కాదురా."

"మండలిలో పేరు ఎవరిది? నీది. నొక్కే వేలు ఎవరిది? నీది. మరి ఓటు ఎవరిదంటావు?"

"ఇంకేదైనా అడుగు. గుర్రాన్ని అడుగు, కొనిస్తాను."

"అయిదో అంతస్తులో గుర్రాన్ని ఎక్కడ కట్టను, బాల్కనీలోనా? చూడు మామయ్యా, నేను ఆ ఆట యుద్ధాలను వీడియోలు తీసి పెడుతున్నాను. నా ఛానెల్ చూసేవాళ్లు పనినుంచి వచ్చి గంట ఆడతారు. ఆ గంటా దారిలోనే అయిపోతే యుద్ధం ఎప్పుడు చేస్తారు? మీరు టీ తాగడం కోసం జనమంతా కూర్చోవాలా?"

"నువ్వూ ఒకసారి వచ్చి కూర్చోరాదూ? ఒక్కసారైనా మాతో దాటావా?"

"మూడు గంటలా? నిద్ర కావాలంటే నాకు మంచం ఉంది."

కుల్పాష్‌కు ఆట తలా తోకా తెలియదు. ఆమెకు తెలిసింది ఒక్కటే, కొడుకు చాచిన చెయ్యి ఇంకా గాలిలో ఉంది. "తమ్ముడూ, నువ్వేనా మాట్లాడేది? నాన్న బతికుండగా చెల్లెలి కొడుకు అడిగాడని ఎక్కిన గుర్రం దిగి దాన్ని ఇచ్చేశాడు. నువ్వు ఒక మీట నొక్కడానికి బేరమాడుతున్నావా? మా అత్తవారింట్లో నా ముఖం ఎలా చూపించుకోను?"

జెయ్‌నెష్ భర్త వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆయన ఆమెను చూడలేదు.

"తీసుకో," అన్నాడు.

ప్రతినిధి చేతికి వచ్చిన ఓటు అతని ఇంటి సామాను కాదు. దాన్ని దాచి ఉంచమని పరులు అప్పగించారు. దాచడం వరకే అతని అధికారం. ఈ చిన్న సంగతి తెలియని మనిషి కాడు సార్సెన్. తెలిసినది చెప్పాడు కూడా, ఒక్కసారి, గొంతు తగ్గించి. తన పరువు కాపాడుకోవడానికి తనది కానిదాన్ని ధారపోసి, దానికి ఉదారత అని పేరు పెట్టుకోవడం ఒక్క స్టెప్పీ మనుషులకే తెలిసిన విద్య కాదు. అయితే సార్సెన్ ఇంట్లో దానికి ఆచారం గొడుగు పట్టింది.

మండలి సమావేశంలో సార్సెన్ 'కావాలి' అనే మీట నొక్కాడు. ఓట్లు అదేరోజు పేర్లతో సహా ప్రకటించారు. గలీనా ఫోన్ చేసింది.

"పొరపాటున నొక్కారా?"

"లేదు."

"బెదిరించారా ఎవరైనా?"

"లేదండీ. మేనల్లుడు అడిగాడు. మాలో కాదనకూడదు."

"నేనూ ఇక్కడే పుట్టాను, సార్సెన్ గారూ. మీ ఆచారం నాకు తెలుసు. మేనల్లుడు మామ ఇంట్లో ఉన్నది అడుగుతాడు. పక్కింటివాళ్ల ఆవును తోలుకుపోడు."

ఆమె ఫోన్ పెట్టేసింది.

అప్‌డేట్ వచ్చింది. తరువాతి ఆదివారం బిడారుకు నలుగురు వచ్చారు, ఆ పై వారం ఇద్దరు. రెప్పపాటులో దాటగలిగే చోట మూడు గంటలు కూర్చోమని కొత్తవాళ్లను అడగడానికి సార్సెన్‌కే నోరు రాలేదు. దారి మూసెయ్యలేదు కదా, ఇష్టమైనవాళ్లు నిదానంగానే వెళ్లవచ్చు కదా అని కంపెనీ వారు సెలవిచ్చారు. నిజమే, ఎవరూ మూయలేదు. గలీనా పేరు పక్కన వెలిగే పచ్చచుక్క ఆరిపోయింది. వీత్య అనే రాయి ఎప్పటిలాగే పక్కకు ఒరిగి ఉంది. దాన్ని ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు.

జాన్‌సెరిక్ ఛానెల్ నెల రోజులు వెలిగింది. యుద్ధం, దూకుడు, యుద్ధం, దూకుడు. ఆకులు రాలేవేళకు అతను మామయ్య ఇంటికి పుచ్చకాయ పట్టుకుని వచ్చాడు.

"ఆ ఆట మానేశాను మామయ్యా. అంతా చూసేశాను, ఇంకేముంది అందులో? ఇప్పుడు అందరూ కార్ల పందేల మీద పడ్డారు."

"అయితే నా ఓటు తిరిగి ఇచ్చెయ్," అన్నాడు సార్సెన్.

మామయ్య హాస్యమాడుతున్నాడనుకుని జాన్‌సెరిక్ పగలబడి నవ్వాడు. పుచ్చకాయ కోస్తున్న జెయ్‌నెష్ నవ్వలేదు. "మేనల్లుడు పట్టుకెళ్లింది తిరిగి అడగకూడదు కదా," అంది భర్తతో. "అదీ మీ ఆచారమేగా?"

ఆ ఆదివారం ఆయన ఒంటరిగా బయలుదేరి సగం దారిలోని పాడు రేవులో ఓడ నిలిపాడు. జెయ్‌నెష్ అడగకుండానే టీ తెచ్చి పెట్టి, ఈసారి ఏమీ అనకుండా వెళ్లిపోయింది. తెర అడుగున ఒక ప్రకటన మిణుకుమంటోంది: 'మీరు వేచి ఉన్నారు. దూకడానికి ఇక్కడ నొక్కండి.'

ఎక్కడినుంచో ఒక కొత్త ఓడ రేవు పక్కన ప్రత్యక్షమైంది. తెర మీద అక్షరాలు వచ్చాయి.

"ఇక్కడ బిడారు ఉండేదని విన్నాను. ఉందా, పెద్దాయనా?"

"లేదు," అని కొట్టాడు సార్సెన్. కాస్త ఆగి, "నేనే ఇచ్చేశాను," అని కూడా కొట్టాడు.

"ఎవరికి?"

మందపాటి వేళ్లతో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ ఆయన మొదటినుంచి రాయసాగాడు. గుండె డాక్టర్లనుంచి, ఎదుటి గోడనుంచి, గలీనా పెట్టిన పేర్లనుంచి. మూడో వాక్యం పూర్తికాకముందే అవతలి ఓడ దూకేసింది.