మొహం చూసి దిద్దుకున్న లెక్క

మొన్నొక ఆదివారం మధ్యాహ్నం కందిపప్పుకు తాలింపు పెడుతుండగా ఫోను మోగింది. ఈ మధ్య తెలియని నంబర్లన్నీ అప్పులిస్తామనే వాళ్లవే కాబట్టి విసుగ్గానే ఎత్తాను. అవతల ఒక ఆడగొంతు పేరు కూడా చెప్పకుండా, "నేను మేడం, ఆలూరు కాడ మీ సి గ్రూపు పిల్లను, సుగ్గి పిల్లను" అంది. గుర్తుపట్టడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. బాగోగులు అడగబోతుంటే తానే గబగబా అసలు సంగతి చెప్పేసింది. ఇప్పుడు ఓర్వకల్లు దగ్గర ఉంటున్నారట, కూతురు పదో తరగతట, లెక్కల్లో వెనకబడిందట. "సెంటరు యాడ పడితే మేలు మేడం? మీకు తెలిసిన సార్లుంటారు కదా, హాల్లో పాపకు కొంచెం చెప్పేమాదిరి ఒక మాట అనండి" అంది.

నేను జవాబివ్వకుండా ఫోను పెట్టేశాను. పొయ్యి మీద ఆవాలూ ఎండుమిరపకాయలూ మాడి ఇల్లంతా ఘాటు. మా ఆయన దగ్గుకుంటూ వచ్చి, నా మొహం చూసి, ఏమీ అడగకుండా కిటికీలు తెరిచి, ఆ మాడిన పప్పునే నోరెత్తకుండా తిన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నేర్చుకున్న గొప్ప విద్య అదే. నా కోపం ఎవరి మీదో నాకే వెంటనే తెలియలేదు గానీ, ఆ పిల్ల మీద మాత్రం కాదు.

మాది మైదుకూరు దగ్గర పల్లె. లెక్కల టీచరుగా కడప జిల్లాలోనే కొన్నేళ్లు తిరిగాక నన్ను ఆలూరు పక్క ఒక ఊరి హైస్కూలుకు వేశారు. నల్లరేగడి నేల, డబ్బును దుడ్లు అనే మనుషులు, మొదట్లో అంతా కొత్త. వాళ్ల మాటకు నేను నవ్వితే నా మాటకు పిల్లలు నవ్వేవాళ్లు. వాన పడితే పంట, లేకపోతే లేదు. పడని ఏడు, అంటే ఇంచుమించు ప్రతి ఏడూ, దసరా దాటగానే ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడేవి. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి జనం లారీలెక్కి గుంటూరు వైపు పోయేవాళ్లు. దాన్నే అక్కడ సుగ్గికి పోవడం అంటారు. పిల్లల్ని ఎవరి దగ్గర వదులుతారు, వాళ్లూ లారీ ఎక్కేవాళ్లు. ఉగాదికి తిరిగొచ్చేసరికి బళ్లో పాఠాలన్నీ అయిపోయి ఉండేవి. ఇట్లా ఏటా సగం చదువు పోగొట్టుకుంటూ పదో తరగతిదాకా వచ్చిన వాళ్లకు ఒక పరీక్ష పెట్టి, మార్కులు రాలేదని సి గ్రూపు అని పేరు తగిలించి, చివరి గదిలో కూర్చోబెట్టేవాళ్లు. వీళ్లకు రాదు అని వాళ్ల ఎదురుగానే అనేవాళ్లు. ఎవరూ చెప్పని పాఠం రాదని పిల్లల్ని తిట్టడం ఎక్కడి న్యాయమో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు.

ఒక ఏడు సి గ్రూపు నాకు అప్పగించారు. ఈ పిల్ల అందులోదే. ఏటా లారీ ఎక్కేది కాబట్టి అందరూ సుగ్గి పిల్ల అనేవాళ్లు, తానూ అదే తన పేరన్నట్టు పలికేది. ఒకరోజు వాళ్ల నాన్న బడికొచ్చి, తలపాగా తీసి చేతిలో పట్టుకుని, "ఈ ఏడు దీన్ని అవ్వ కాడ ఇడిసిపోతాండా మేడం. పాసయితే కర్నూల్లో సదివిస్తా. కాకుంటే మాత్రం వచ్చే సుగ్గికి లారీ ఎక్కాల్సిందే, ఊరికే కూసోబెట్టి సాకేంత మాకు లేదు" అన్నాడు. కఠినంగా అనలేదు, ఉన్నమాట అన్నాడు. ఆ పిల్ల వాళ్ల నాన్న మొహం, నా మొహం మార్చి మార్చి చూస్తూ నిలబడింది.

మా హెడ్మాస్టరు కూడా చెడ్డవాడేం కాదు. సాయంత్రం చదువుకు ఆగిన పిల్లలకు ఇంటి నుంచి వేరుశనగ కాయలు ఉడకబెట్టించి తెచ్చి పంచేవాడు. ఆ మనిషే నన్ను పిలిచి, "మీరు ఊరికే శానా ఆయాసపడతాండారు మేడం. గ్రాఫు ఒకటి, త్రిభుజం గీసేదొకటి రుద్దించండి, సాలు. బిట్లు సెంటర్లో మనోళ్లు చూసుకుంటారు" అన్నాడు. నా వయసు వాళ్లకు చెప్పక్కర్లేదు. పరీక్ష చివరి అరగంటలో బిట్ల కాగితం ఒకటి విడిగా ఇచ్చేవాళ్లు, ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులుంటే సరైనదాని అక్షరం పక్కన వేయాలి. ఆ అరగంటలో కొన్ని గదుల్లో కాపలా ఉన్న సారే గొంతు తగ్గించి వరసగా ఎ, బి, సి, డి అని చదివేవాడు. దానికి సాయం అని పేరు. పేద పిల్లల మీద జాలితో చేసే పుణ్యమన్నట్టు చెప్పుకునేవాళ్లు. పిల్లలకూ ఈ సంగతి తెలుసు కాబట్టి, చదవండర్రా అంటే, "బిట్లు చెప్తార్లే మేడం" అని నన్నే ఓదార్చేవాళ్లు.

మొదటి వారంలోనే నాకొకటి తెలిసొచ్చింది. ఈ పిల్లలు లెక్క చేసేది బోర్డు చూసి కాదు, నా మొహం చూసి. ఏడెనిమిదులెంత అంటే యాభై నాలుగు అని నా కనుబొమల కేసి చూసేవాళ్లు. ముడిపడితే, కాదు, యాభై ఆరు అనేవాళ్లు. నేను కావాలని ముడి విప్పకపోతే దాన్నీ వదిలేసి అరవై మూడుకు పోయేవాళ్లు. సరైన జవాబు నోట్లో ఉండి కూడా నా మొహాన్ని నమ్మి పారేసుకునేవాళ్లు. పదేళ్లు బడికొచ్చి వాళ్లు బాగా నేర్చుకున్న చదువు అదొక్కటే, అది నేర్పింది మా బడే.

అందుకని బోర్డు మీద లెక్క వేసి తరగతి వెనకకు పోయి నిలబడటం మొదలుపెట్టాను. మొదట్లో అందరూ మెడలు తిప్పి వెనక్కి చూసేవాళ్లు. తిరగొద్దు, నన్నడగొద్దు, లెక్కనే అడగండి అనేదాన్ని. వచ్చిన విలువను మళ్లీ సమీకరణంలో పెట్టి చూసుకోండి, బొమ్మ అయితే గీసి చూసుకోండి, సరిపోతే మీదే రైటు, బ్రహ్మదేవుడొచ్చి కాదన్నా మార్చొద్దు అనేదాన్ని. వారాల తరబడి ఒక్కరూ పెన్ను కదిలించలేదు. పక్క తరగతి హిందీ టీచరు తొంగిచూసి, మీ పిల్లలు గోడకు పాఠం అప్పజెప్తాండారా అని ఎగతాళి చేసేది. నాకు పట్టుదల ఎక్కువే గానీ, నిజం చెప్పాలంటే నాకూ ఒక దశలో విసుగొచ్చింది.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక సాయంత్రం, వృత్తానికి బయట ఉన్న బిందువు నుంచి దానికి తగిలేటట్టు ఎన్ని స్పర్శరేఖలు గీయొచ్చని అడిగి వెనకకు పోయి నిలబడ్డాను. సుగ్గి పిల్ల దగ్గర వృత్తలేఖిని లేదు. చేతి గాజు తీసి కాగితం మీద పెట్టి చుట్టూ గీసింది, పక్కన ఒక చుక్క పెట్టింది, స్కేలు ఆనించి అటొక గీత, ఇటొక గీత గీసింది. మూడోది పడుతుందేమోనని స్కేలును అటూ ఇటూ శానాసేపు జరిపి, వెనక్కి తిరగకుండానే, "రెండే మేడం, ఇంగోటి పడదు" అంది. తిరగలేదు చూడండి, అదీ నా సంతోషం. ఆ రోజు ఇంటికి పోయి పండగా పబ్బమూ లేకుండా ఓళిగలు చేస్తే, మా ఆయన ఎందుకని అడక్కుండా తిన్నాడు. ఆ తరువాత ఒకరిని చూసి ఒకరు గదిలో అందరూ పెన్నులు కదిలించారు. పరీక్షలకు పోయేనాటికి వాళ్లు పాసవుతారని నాకు నమ్మకం కుదిరింది.

సెంటరు వేరే ఊళ్లో పడింది. మా పిల్లలు రాసే గదుల్లోకి మమ్మల్ని రానివ్వరు కాబట్టి, లెక్కల పరీక్ష రోజు నేను గేటు బయట ఎండలో నిలబడ్డాను. పిల్లలు బయటికొచ్చారు. సుగ్గి పిల్ల నవ్వుతూ వచ్చి, స్పర్శరేఖల బిట్టు వచ్చింది మేడం అని చెప్పింది. ఏం పెట్టావంటే, "రెండని సి పెట్టినా. మళ్ల ఆ సారు ఎ అని చెప్పినాడు. కొట్టేసి ఎ పెట్టినా" అంది. ఎ అంటే ఎంత అని అడిగాను. "సున్నా" అంది. నువ్వు గీసి చూసుకోలేదా అంటే, "గీసినా మేడం, రెండే వచ్చినాయి. సారే చెప్తాంటే నాదే తప్పేమో అనుకుంటి. అన్నీ అట్లే దిద్దుకుంటి" అంది, ఏదో మంచి పని చేసి వచ్చినట్టు.

జరిగింది ఇంత. బిట్ల కాగితం ప్రశ్నల వరస మార్చి రకరకాలుగా వచ్చేది. ఆ సారు చేతికందిన జవాబుల చీటీ ఒక రకం కాగితానిది, ఈ పిల్ల ముందున్నది ఇంకో రకం. ఆ తేడా చూసుకునే ఓపిక కూడా లేకుండా ఆయన గది మొత్తానికీ పుణ్యం పంచాడు. కొట్టేసి దిద్దినవాటికి మార్కుల్లేవని ఆ కాగితం మీదే అచ్చువేసి ఉంటుంది. అంటే తన సొంత తెలివితో పెట్టిన సరైన జవాబులూ పోయాయి, ఆయన దయతో పెట్టుకున్నవీ పోయాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సారు స్కూటరు తీస్తుంటే అడ్డంగా నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన ఆశ్చర్యపోయి, "మీ పిల్లలకు మేలు చేద్దామనే కదమ్మా చెప్పింది" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు, అందుకే నాకు ఇంకా కోపం. పైకి ఫిర్యాదు రాస్తానంటే మా హెడ్మాస్టరు పక్కకు పిలిచి, రాస్తే ఆ గదిలో రాసినవాళ్ల పేపర్లన్నీ ఆపేస్తారు, మీ ఇష్టం అన్నాడు. అదీ ఆ సాయం గొప్పతనం. చేసినవాళ్లకు ఏమీ కాదు, పిల్లల మెడకే చుట్టుకుంటుంది.

ఫలితాలొచ్చాయి. సుగ్గి పిల్ల అన్నిట్లో గట్టెక్కి లెక్కల్లో కొద్దిలో పోయింది. అదే గదిలో పక్క వరసలో కూర్చుని, నేను ఎంత మొత్తుకున్నా ఏడో ఎక్కం పట్టుబడనివాడు పాసయ్యాడు, వాడి ముందున్న కాగితం చీటీకి సరిపోయింది కాబట్టి. మొత్తం మీద బడి ఫలితాలు మెరుగయ్యాయని మా హెడ్మాస్టరుకు శాలువా కప్పారు. ఆ సభలో నేను చప్పట్లు కొట్టలేదు.

వాళ్ల నాన్న వచ్చాడు. జరిగిందంతా చెప్పాను. మీ కూతురికి లెక్కలొచ్చు, ఆ సారు తప్పు చెప్పాడు, మళ్లీ రాయించండి, వేసవిలో నేను చెప్తాను అన్నాను. అతను చాలాసేపు విని, "సారు తప్పెందుకు చెప్తాడు మేడం?" అన్నాడు. "దానికి రాదు. మీరేం జేస్తారు, మీరు శానా కష్టపడితిరి" అని నన్నే ఓదార్చాడు. ఆ పిల్ల పక్కనే ఉంది. నువ్వయినా చెప్పవే అన్నాను. నా మొహమూ వాళ్ల నాన్న మొహమూ చూసి, తలదించుకుని, "నాకు రాదు మేడం" అంది. దసరా పోగానే లారీ ఎక్కింది. ఆ తరువాత నన్ను కడప జిల్లాకు బదిలీ చేశారు, మొన్న ఫోను మోగేదాకా ఆ పిల్ల గొంతు మళ్లీ వినలేదు.

ఆదివారమంతా ఉడికిపోయి, సోమవారం పొద్దున నేనే ఫోను చేశాను. నాకు ఏ సార్లూ తెలియదు, ఇప్పుడు బిట్లకు వేరే కాగితమే లేదు, గదుల్లో కెమెరాలు కూడా పెడుతున్నారట, ఇప్పుడు మేం కర్నూల్లో ఉంటున్నాం, నీ కూతుర్ని తీసుకుని మా ఇంటికి రా అన్నాను. ఆ పై ఆదివారం ఇద్దరూ బస్సు దిగి వచ్చారు. సుగ్గి పిల్లకు అప్పుడే తల నెరుస్తోంది. కూతురు అచ్చం ఆ రోజుల్లో తల్లిలాగే ఉంది. మీ బళ్లో ఏ గ్రూపే అని అడిగితే, ఆ పిల్ల ఏదో మర్యాదైన కొత్త పేరు చెప్పింది. పేరు మారింది, చివరి గది మాత్రం అదే.

భోజనాల బల్ల మీద కాగితం పెట్టి ఒక సమీకరణం ఇచ్చాను. ఆ పిల్ల చేసింది, సరిగ్గానే చేసింది, జవాబు వేసే ముందు పెన్ను ఆపి నా మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు ఎంత బాగా తెలుసో ఎట్లా చెప్పను. ఇన్నేళ్లలో ఎన్ని మారాయి, పుస్తకాలు మారాయి, ప్రశ్నల తీరు మారింది, గోడల మీద కళ్లు మొలిచాయి, ఒక పిల్లకు తన చేతి మీద తనకు నమ్మకం కలిగించడం మాత్రం ఎవరికీ పట్టలేదు. నేను లేచి ఆ పిల్ల కుర్చీ వెనకకు పోయి నిలబడ్డాను. ఎదురుగా కూర్చున్న తల్లి నన్ను చూసింది. తరువాత తానూ లేచి వచ్చి నా పక్కన నిలబడింది. ఇంక ఆ పిల్ల ముందర చూడటానికి మొహమేదీ లేదు.

"సరిపోయిందా మేడం?" అని ఆ పిల్ల అడిగింది. నేను నోరు తెరిచేలోపల తల్లి అంది, "మేడం చెప్పదు. ఎవురూ చెప్పరు. నువ్వే పెట్టి సూసుకో." ఆ పిల్ల పెట్టి చూసుకుంది, సరిపోయింది, జవాబు వేసుకుంది. ఆ మాట ఆ రోజు ఆ పరీక్ష గదిలో ఈ తల్లికి చెప్పేవాళ్లు ఒక్కరుంటే ఈమె ఎక్కడుండేదో అనుకునేసరికి నాకు మళ్లీ కోపం వచ్చింది.