ఏసేపు చెప్పని ఏడో మాట

నల్లబండపల్లెలో ఎండాకాలం ఏసేపు రాకుండా తెల్లవారదు. నమ్మకపోతే బిందెలను అడగండి. వీధి మొగదల ట్రాక్టరు చప్పుడు వినపడితే చాలు, అవి ఆడవాళ్ళ చంకలెక్కి వరుసలో నిలబడతాయి. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు కనపడేంత దూరంలో ఉన్న ఊరు. కింద బండ, పైన ఎండ. పంచాయతీ కుళాయి నాలుగు రోజులకొకసారి దగ్గుతుంది, అందులోనూ సగం గాలి. మిగతా ఊరి దాహమంతా ఏసేపు ట్రాక్టరు వెనక ట్యాంకరులో ఊగుతూ వస్తుంది.

నలభై ఆరేళ్ళ మనిషి. పదో తరగతి రెండుసార్లు తప్పి, మూడోసారి ఆ పరీక్షనే క్షమించి వదిలేశాడు. చదువు విషయంలో చెయ్యి బిగబట్టిన దేవుడు గొంతు విషయంలో మాత్రం ధారాళంగా ఇచ్చాడు. ఏసేపు చర్చిలో పాట ఎత్తుకుంటే కిటికీ మీది పావురాలు లేచిపోతాయి. అంత గొంతు ఉన్నవాడికి చర్చిలో పదకొండేళ్ళుగా దక్కిన పని ఏమిటంటే మైకు వైర్లు కట్టడం, నీళ్ళ డ్రమ్ము నింపడం. మైకు తనే కట్టి, అందులో "హలో, హలో, చెక్" తప్ప ఒక్క మాట మాట్లాడని మనిషి మనసులో ఏముంటుందో మైకులు కట్టేవాళ్ళకే తెలుసు.

ఆ మనసులో ఉన్నది ఏడో మాట.

గుడ్ ఫ్రైడే నాడు ఆ చర్చిలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా కూర్చుంటారు. సిలువ మీద ఏసు ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. ఊరివాళ్ళు వాటికి తమ పేర్లు తాము పెట్టుకున్నారు. మొదటిది క్షమించిన మాట, రెండోది దొంగ మాట, మూడోది అమ్మ మాట, నాలుగోది చెయ్యి విడిచిన మాట, అయిదోది దాహం మాట, ఆరోది అయిపోయిన మాట. ఏడోది అప్పగింత మాట, అంటే ప్రభువు తన ప్రాణాన్ని తండ్రి చేతుల్లో పెట్టేసింది. పెద్దవాళ్ళంతా ఆ రోజు మూడింటి వరకూ చుక్క నీళ్ళు ముట్టరు. మూడు కొట్టాక అక్కడే మజ్జిగ, పెరుగన్నం.

ఏడు మాటలూ ఒకటేనని పాస్టరు అయ్యగారు చెబుతారు గానీ, ఊళ్ళో ఎవరూ నమ్మరు. రెండో మాటప్పుడు జనం ఇంకా వస్తుంటారు. నాలుగో మాటకు కునుకుతుంటారు. ఏడో మాటకు మాత్రం చుట్టు పల్లెలవాళ్ళంతా నిండిపోయి, మజ్జిగ కోసమైనా సరే, కళ్ళు తెరుచుకుని వింటారు. ఏడోది బాగా చెప్పినవాడు మరుసటేడు సంఘ పెద్ద అవుతాడని కూడా ఒక లెక్క ఉంది.

పోయినేడు కొత్తగా వచ్చిన అయ్యగారి ఇంటి తొట్టి రెండు నెలలపాటు ఎండలేదు. ఏసేపు అడగకుండానే నింపిపోయేవాడు. దీన్ని లంచమని ఎవరైనా అంటే ఏసేపు బాధపడేవాడు. అతని దృష్టిలో అది పరిచర్య. పరిచర్య రెండు నెలలు పండాక అయ్యగారు పిలిచారు.

"ఏసేపూ, ఈసారి నీకు అయిదోది ఇస్తాను. దాహం గురించి నీకంటే బాగా చెప్పేవాళ్ళెవరు?"

ఏసేపు ముఖం వాడిపోయింది. "నీళ్ళోనికి నీళ్ళ మాటేనా అయ్యగారూ? ఏడోది ఇయ్యండి."

"ఏడోది అప్పగించుకునే మాటయ్యా. దాన్ని పోట్లాడి తీసుకుంటావా?"

"పోట్లాడ్తా అయ్యగారూ. పదకొండేండ్లు వైర్లు సుట్టినా."

అయ్యగారు నవ్వి ఏడో నెంబరు పక్కన ఏసేపు అని రాసేశారు. అయిదోది ఎవరికివ్వాలో తోచక తిరుపతమ్మ పేరు రాశారు. తిరుపతమ్మకు అరవై దాటాయి, ఇళ్ళు కట్టేచోట బేల్దారి పనికి పోతుంది. బాప్తిస్మంలో మార్తమ్మ అని పేరు పెట్టారు గానీ, ఆ పేరు పిలిస్తే ఆమె కూడా వెనక్కి తిరిగి చూడదు.

ఇక ఏసేపు సాధన మొదలైంది. ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో ఇమాం బాషా చేలో బోరు ఉంది. ట్యాంకరు నిండడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట ఏసేపు ట్రాక్టరు మీద నిలబడి, ఇరవై రెండు పేజీల నోటుబుక్కు పట్టుకుని, మోటారు చప్పుడును మించి ప్రసంగించేవాడు. వినేది ఇమాం బాషా, అతని రెండు బర్రెలు.

"నీ చిత్తమే కానీ అని స్టీరింగు వదిలెయ్యాల!" అని ఏసేపు చెయ్యి విసిరేవాడు.

"నువ్వు వదిలేది యాడ సూస్తిమప్పా," అనేవాడు ఇమాం బాషా వేపపుల్ల నములుతూ. "నిన్న నా కొడుకు ఒగసారి ట్రాక్టరు తోల్తానంటే తాళం చెవి జేబులో ఏసుకుంటివి."

"అది ట్రాక్టరు. ఇది ఆత్మ."

"అట్లనా? నా బర్రెకు రెండూ ఒగటే అనిపిస్తాండాయంట, పాలు తగ్గించింది."

గురువారం సాయంత్రం ఏసేపు ట్యాంకరు నింపుకుని చర్చి దగ్గరికి వచ్చాడు. వెనక గోడ పక్కన ఉన్న పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో పైపు పెట్టి, వాల్వు తిప్పి, వైర్లు చూద్దామని లోపలికి వెళ్ళాడు. ఎవరూ లేరు. రెండు వందల కుర్చీలు తనవైపే చూస్తున్నాయి. మైకు వెలుగుతోంది. ఒక్క నిమిషం అనుకుని మొదలుపెట్టాడు. ఇరవై రెండు పేజీలూ అయిపోయాయి. చివర్లో తన గొంతుకు తనకే కళ్ళు తడిశాయి. బయటికి వస్తే ట్యాంకరు ఖాళీ, డ్రమ్ము చుట్టూ నేలంతా తడి. "నిండి పొర్లింది," అనుకున్నాడు తృప్తిగా. కింద పడి ఉన్న పైపు ఆ పొర్లుకే జారిందనుకుని చుట్టుకుని, డ్రమ్ము మూత బిగించి ఇంటికి పోయాడు. మూత బిగించేవాడు లోపలికి ఒక్క చూపు చూసి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

మర్నాడు జనం కిటికీల దాకా నిండారు. ఏసేపు తెల్ల చొక్కాకు గంజి ఎంత పెట్టించాడంటే కూర్చుంటే చప్పుడు వచ్చింది. నాలుగు మాటలు గడిచాయి. ఎండకు రేకులు టపటపమంటున్నాయి. తిరుపతమ్మ లేచి మైకు దగ్గర నిలబడింది, మైకుకు జానెడు కిందుగా.

"నాకు సదువు రాదు నాయనా. ఆయప్పకు దాహమైంది. అడిగినాడు. ఏర్లు సేసినోడు, వానలు సేసినోడు, నీళ్ళియ్యండని మనిసిని అడిగినాడు. నేను పనికి పోయినకాడ మూడిండ్లు అడిగితే ఒగింట్లో ఇస్తారు. అడగాలంటే గొంతు కంటే ముందు తలకాయ వంగాల. ఆయప్ప వంచినాడు. అంతే నాయనా."

ఆమె కూర్చుంది. రెండు నిమిషాలు కూడా కాలేదు. ఏసేపు లోపల్లోపల అనుకున్నాడు: పాపం ముసలామెకు పాయింట్లు ల్యావు. అయినా ఆ వంగిన తలకాయ సంగతేదో అతని గంజి చొక్కాలో దూరి గుచ్చుకోసాగింది.

ఆరో మాటకు దేవదానం సారు లేచారు. రిటైరైన హెడ్మాస్టరు. బెల్లు కొట్టేవాళ్ళు లేకపోతే ఆగడం ఆయనకు తెలియదు. అప్పుడే ఏసేపు భార్య నాగజ్యోతి గోడ వెంబడి వంగుతూ వచ్చి అతని చెవిలో ఊదింది.

"డ్రమ్ములో సుక్క నీళ్ళు ల్యావు."

"నిన్న నింపితినే!"

"డ్రమ్ముకు కాదు, కాలవకు నింపినావు. పైపు జారిపోయింది. వెనకాల కాలవ గట్టుకు గడ్డి తడిగా ఉండాది పో సూడు. మజ్జిగలోకి ల్యావు, తాగనీకి ల్యావు. రాజమ్మవ్వ కండ్లు తేలేసింది, అయ్యగారింట్లో చెంబుడు ఉంటే మొగానికి కొట్టినాం. మూడు గంటలకి రెండు నూర్ల మంది నీళ్ళంటారు. ఏం చేస్తాండావు ఈడ కూచోని?"

ఏం చేస్తున్నాడంటే లెక్క వేస్తున్నాడు. ఇప్పుడు రెండు గంటల పది. దేవదానం సారు నలభై నిమిషాలకు తక్కువ వదలరు. బోరుకు పోను పది, నిండడం అరగంట. సగం నింపితే పదిహేను. రాను పది. ఏడో మాట అందుతుంది. ఏసేపు లేచింది తగ్గింపు మనసుతో కాదు, లెక్కతో. నోటుబుక్కును కుర్చీ మీద పెట్టి, ఎవరూ కూర్చోకుండా దాని మీద రుమాలు పరిచి మరీ పోయాడు.

బోరు దగ్గర మోటారు ఆన్ చేశాడు. పైపులో నీళ్ళు గలగలమన్నాయి. అయిదు నిమిషాలు కూడా కాకముందే మోటారు మూలిగి ఆగిపోయింది.

"కరెంటు పాయ," అన్నాడు ఇమాం బాషా, పెద్ద విశేషమేమీ కానట్టు.

"ఎప్పుడొస్తాది?"

"నన్నడిగితే? నేనేమన్నా సబ్ స్టేషనా?"

ఏసేపు స్టార్టరు నాలుగుసార్లు నొక్కాడు. ఫ్యూజు పీకి చూశాడు. లైన్‌మన్‌కు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. స్తంభం వైపు చూసి తిట్టబోయి, రోజు గుర్తొచ్చి మింగాడు. మింగడానికి కూడా నోట్లో తడి లేదు. పక్కనే తొట్టిలో బర్రెల కోసం పట్టిన నీళ్ళు తళతళమంటున్నాయి.

"ఒగ గుక్క తాగప్పా. పెదవులు పగిలినాయి."

"మూడు కాలే."

ఇమాం బాషా మళ్ళీ అడగలేదు. రంజానుకు నెల రోజులు రోజా ఉండే మనిషి, ఆ సంగతి అతనికి ఒకరు చెప్పాలా?

చర్చి గోపురం మీది హారను అక్కడిదాకా వినిపిస్తుంది. దేవదానం సారు ఆ రోజు, ఏ పుణ్యాన్నో, త్వరగా ముగించారు. తర్వాత అయ్యగారి గొంతు చేల మీదుగా తేలి వచ్చింది. "ఇప్పుడు ఏడవ మాట. సహోదరుడు ఏసేపు ముందుకు రావలెను."

పదకొండేళ్ళు ఎదురుచూసిన పిలుపు. తను కట్టిన వైర్ల గుండా, తను బిగించిన హారనులో తన పేరు. కోత కోసిన కంది మోళ్ళ మీద ఆ పేరు దొర్లుకుంటూ వచ్చి కాళ్ళ దగ్గర పడింది.

"సహోదరుడు ఏసేపు..." మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత గొణుగుడు, కుర్చీల చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

ఏసేపు బండ మీద కూలబడ్డాడు. ట్యాంకరులో ఇంకా అడుగు తడిసినంతే. ట్రాక్టరు వేసుకుని ఉరికితే ఇప్పటికైనా మైకు అందుతుంది. నీళ్ళు అందవు. కూర్చుంటే నీళ్ళూ అందుతాయన్న నమ్మకం లేదు. లెక్కలన్నీ అయిపోయాయి.

"పోనీ ఈడ చెప్పు," అన్నాడు ఇమాం బాషా, ఈసారి వెక్కిరింపు లేకుండా. "ఇంటాం."

ఏసేపు నోరు తెరిచాడు. ఇరవై రెండు పేజీల్లో ఒక్క ముక్కా రాలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద వెల్లకిలా పడి ఉన్నాయి, ఎవరో ఏదో పెడతారన్నట్టు. చివరికి గొంతు చీల్చుకుని వచ్చింది ఇంతే:

"నా చేతిలో ఏం ల్యాదు స్వామీ. వాళ్ళకు నీళ్ళియ్యి."

అడుగుతుంటే తల దానంతటదే వంగింది. తిరుపతమ్మ చెప్పింది ఇదే కాబోలు అనుకున్నాడు. ఇమాం బాషా తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. చెమటే అయ్యుంటుంది.

కరెంటు మూడుకు అయిదు నిమిషాలప్పుడు వచ్చింది. అద్భుతమని రాయాలని ఉంది గానీ, ఆ లైనుకు రోజూ దాదాపు అదే టైముకు వస్తుందని ఇమాం బాషా తర్వాత ఒప్పుకున్నాడు.

ఏసేపు చేరేసరికి మూడున్నర. ఎవరూ పోలేదు. ఏడో మాట ఎవరూ చెప్పలేదట. దేవదానం సారు లేవబోతే అయ్యగారు చెయ్యి అడ్డం పెట్టి, "నిశ్శబ్దంగా కూర్చుందాం," అన్నారట. ఆ సంఘం చరిత్రలో అంతటి మంచి ప్రసంగం జరగలేదని నిద్రపోయినవాళ్ళు కూడా చెప్పారు. ఏసేపు లోపలికి పోయి మైకు లేకుండానే అన్నాడు: "తప్పు నాది. నిన్న నీళ్ళు వదిలి ఈడ ఉత్త కుర్చీలకు ప్రసంగం చెప్పినా. పైపు సూసుకోలా."

"కుర్చీలన్నా మారుమనసు పొందినాయా?" అన్నారెవరో వెనక నుంచి. నవ్వులు లేచాయి. బిందెలు కదిలాయి.

నోటుబుక్కు కోసం చూస్తే కుర్చీలో లేదు. తిరుపతమ్మ దాంతో రాజమ్మవ్వకు విసురుతోంది.

"దళసరి పుస్తకం ఏసేపూ. గాలి శానా బాగొస్తాంది."

అతను పుస్తకం అడగలేదు. ఆమెకు గ్లాసు అందించాడు. ఆమె రాజమ్మవ్వకు తాగించి, మళ్ళీ నింపించుకుని, "నువ్వు తాగినావా?" అంది. లేదని తలూపితే ఆ గ్లాసు అతని చేతికే ఇచ్చింది.

ఇక్కడితో ఆపితే ఏసేపు మహాత్ముడైపోతాడు. కాలేదు. ఆ ఏడంతా ట్యాంకరు నిండే ప్రతి అరగంటా తను మైకు వదులుకుని నీళ్ళకు పోయిన కథ దొరికినవాడికల్లా చెప్పాడు. చెప్పినకొద్దీ ఎండ పెరిగింది, కరెంటు ఆలస్యంగా వచ్చింది. వేసిన లెక్క మాత్రం కథలోంచి జారిపోయింది. ఒకరోజు ఇమాం బాషా వేపపుల్ల ఉమ్మేసి అన్నాడు.

"ఏమప్పా, ఆ పొద్దు ఏడో మాట ఇడ్సిపెడితివి. ఇప్పుడు ఇడ్సిపెట్టిన సంగతిని పట్టుకోని ఇడ్సకుండా ఉండావు."

ఏసేపు పెద్దగా నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. ట్యాంకరు నిండి పొర్లుతుంటే లేచి మోటారు ఆపాడు.

ఈ ఏడు అయ్యగారు మళ్ళీ పిలిచారు. "ఏడోది నీ పేరే రాయనా?"

సరే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నిజంగానే వచ్చింది. "నీళ్ళు పోసినాక పిలిస్తే వస్తా అయ్యగారూ," అన్నాడు. "పిలవకుంటే కూచుంటా."

గురువారం సాయంత్రం చర్చి తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల మైకు వెలుగుతోంది. ఏసేపు అటు ఒకసారి చూశాడు, రెండోసారి కూడా చూశాడు. పైపును రెండు చేతులా డ్రమ్ములో అదిమి పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. నిండిందనిపించాక కూడా నమ్మకుండా, మోచేతి దాకా చెయ్యి ముంచి చూసుకున్నాడు.