మేస్త్రి అతికించిన గాజు

మా కెమిస్ట్రీ విభాగం వెనక, సైకిల్ స్టాండును ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో మంట ముందు కూర్చుని గాజు గొట్టాలను మెత్తబరిచి, ఊది, ఫ్లాస్కులూ కండెన్సర్లూ చేసే పెద్దాయనను అందరం మేస్త్రి అనేవాళ్లం. బుగ్గలు పూరించి ఊదుతాడని విద్యార్థులు చాటుగా బుడగ మేస్త్రి అనేవారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"బుడగే నాయనా. మీ చేతుల్లో పడేదాకా పగలదు," అనేవారు.

ఆ ఏడాది పెద్ద తుఫాను వచ్చింది. దానికి కొన్నాళ్ల ముందే షెడ్డు మూసేద్దామన్న మాట లేచింది. సామానంతా కంపెనీల నుంచి వస్తుంటే ఇంకా ఈ ఊదుడెందుకని మా హెడ్డుగారి వాదన. మేస్త్రి ఎవరితోనూ పోట్లాడలేదు. "నా సంగతి వదిలేయండి. ఈ మంట ఒకసారి ఆపేస్తే మళ్లీ వెలిగించేవాడు ఉండడు," అని నాతో అన్నారు, అంతే.

తుఫాను మా కిటికీలను చట్రాలతో సహా లోపలికి విసిరికొట్టింది. అల్మరాలు బోర్లాపడ్డాయి. ప్రయోగశాల నేలంతా గాజుపెంకులే. క్వార్టర్లలో కరెంటు లేదు, వంటగ్యాసు లేదు. మా పాపకు అప్పుడు ఎనిమిదో నెల. వరద నీళ్లు కలిసిన కుళాయిలో ఏమేం బతుకుతాయో చదువుకున్న పాపానికి నాకు కంటిమీద కునుకు లేదు. షెడ్డులో సిలిండర్లున్నాయని గుర్తొచ్చి, పాపను చంకనేసుకుని పరిగెత్తాను.

ఆయన ఒక గుండ్రటి ఫ్లాస్కులో నీళ్లు మరగబెట్టి ఇచ్చారు.

"ఇందులో ఇంతకుముందు ఏం కాచారండీ?" అని అడిగేశాను.

"మీ అనుమానం చల్లగుండ! ఇప్పుడే ఊదానమ్మా. నా ఊపిరి తప్ప ఇంకేదీ తగల్లేదు."

ఆ రోజు నుంచి క్యాంపస్‌లోని పసిపిల్లల తల్లులందరూ సీసాలు పట్టుకుని అక్కడే వరసకట్టారు. నీళ్లు మరిగే లోపు ఆయన విరిగిన పరికరాలను ఒక్కొక్కటిగా అతికించేవారు. వారాల తరబడి అదే పని. అతుకు ఎక్కడుందో వెతికినా దొరికేది కాదు. హెడ్డుగారే ఒకరోజు వచ్చి, "మీరు లేకపోతే మా పని గోవిందా, మేస్త్రిగారూ" అన్నారు.

ఆయన వెళ్లాక మేస్త్రి పాప బుగ్గ తట్టి, "విన్నావా చిన్నమేడమ్? ఇక మన షెడ్డు జోలికి రారు" అని నవ్వారు.

ఈలోగా బీమావాళ్లు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. తుఫాను వెలిసిన మర్నాడే మేము అన్నీ పోయాయని రాసి పంపేశాం. అప్పటికి అది నిజమే. ఇప్పుడు చూస్తే బల్లల మీద అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ఫలితాన్ని బట్టి నివేదిక రాయాలని పిల్లలకు పాఠం చెప్పే మేము, నివేదికకు తగ్గట్టు ఫలితం తయారుచెయ్యాలని సమావేశం పెట్టి మరీ తీర్మానించాం.

"మళ్లీ పగలగొట్టాలా?" అన్నారు మేస్త్రి.

"అలా అనకండి. కొత్తవి వస్తాయి కదా! మీ షెడ్డు సంగతి కూడా చూద్దాం," అన్నారు హెడ్డుగారు.

"ఇవి బాగున్నాయి సార్."

"బాగున్నందుకే కదండీ చిక్కు!"

విద్యార్థులు సుత్తి పట్టుకొచ్చారు. మేస్త్రి అది లాక్కుని, "మీకెందుకు, చేతులు కోసుకుంటారు" అన్నారు. ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని, తను అతికించిన చోటే వేలితో తడిమి, అక్కడే కొట్టారు. మా పాప ఫ్లాస్కును మాత్రం గుడ్డలో చుట్టి నా సంచిలో పెట్టారు.

తనిఖీకి వచ్చినాయన ముక్కలను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంత పెద్ద విభాగంలో ఇవి బాగుచేసేవాళ్లే లేరా?"

హెడ్డుగారు తడుముకోలేదు. "ఒకాయన ఉండేవారండీ," అన్నారు.

ఆ "ఉండేవారు" చీపురు పట్టుకుని హెడ్డుగారి వెనకే నిలబడి ఉన్నారు. తలెత్తలేదు. పాప నా చంకలోంచి జారి కిందికి దిగాలని గింజుకుంటోంది.

"దింపకండమ్మా," అన్నారు మేస్త్రి. "ఇంకా ఊడవలేదు."