మొగులయ్య కాక చల్లారనివ్వని కోపం

కాగిన హైడ్రాలిక్ ఆయిల్ వాసన తగిలితే నాకు ఇప్పటికీ పళ్ళు బిగుసుకుంటాయి. ఈ ఉదయం వికారాబాద్ దగ్గర రోడ్డు పనిలో మా పొక్లెయిన్ పైపు పగిలి ఆ వాసన గుప్పుమంది. మొగులయ్య కాక గుర్తొచ్చాడు. తాండూరు నాపరాయి గనిలో నాకు మిషన్ నేర్పిన మనిషి ఆయన.

మాది బషీరాబాద్ వైపు, గొర్రెలు కాసే ఇల్లు. ఆడపిల్ల మిషనెక్కడమేమిటని గనిలో అందరూ నవ్వారు. కాక నవ్వలేదు, మెచ్చుకోనూ లేదు. చాలా రోజులు లీవర్లు ముట్టనివ్వలేదు. చెయిన్లలో ఇరుక్కున్న మట్టి గీకించేవాడు, గని అంచు వెంట నడిపించి నేల ఎలా ఉందో చెప్పమనేవాడు. చెప్పలేకపోతే అందరి ముందే తిట్టేవాడు. నేనొచ్చింది మిషన్ నేర్చుకోవడానికా, నేల చూడడానికా అని ఒకరోజు ఎదురు తిరిగాను.

"మిషన్ ఎవలైనా నడుపుతరు బిడ్డా. నిలవడ్డ జాగ మోస్తదా లేదా, గది ముందుగాల చూడాలె," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మాట మాత్రం లోపల దిగబడిపోయింది.

నాకు చేయి తిరిగిన ఏడాదే వానలు గట్టిగా పడ్డాయి. గని పైఅంచున నేల నెర్రె విచ్చింది. ఆ అంచునే మట్టి తీయమన్నాడు మేనేజరు. ఆరేదాకా అక్కడ మిషన్ పెట్టనని కాక ఇంజన్ ఆపి దిగేశాడు. మేనేజరు నావైపు తిరిగి, నువ్వెక్కితే రేపటి నుంచి మిషన్ నీదేనన్నాడు. ఆ మాట కోసం నేనెంత ఎదురుచూశానో! కానీ నెర్రెలో నా పాదం పట్టేలా ఉంది. ఎక్కనన్నాను. ఇద్దరినీ గేటు బయటికి పంపేశారు.

ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగుతుండగానే పెద్ద చప్పుడైంది. మా బదులు శరణప్ప అనే కొత్త ఆపరేటర్‌ను ఎక్కించారు. అంచు విరిగి మిషన్‌తో సహా గోతిలో పడ్డాడు. కాక లోపలికి ఉరికి ఉత్త చేతులతోనే రాళ్ళు లాగాడు. శరణప్పకు ప్రాణం దక్కింది కానీ, కాళ్ళు రెండూ పోయాయి. సాయంత్రానికల్లా శరణప్ప తాగి ఉన్నాడని యజమాని మనుషులు పుకారు లేపారు. బయటికి లాగినప్పుడు అతని దగ్గర కాగిన ఆయిల్ వాసన తప్ప మందు వాసనే లేదు. అతని భార్య కన్నడం తప్ప తెలియని మనిషి. ఆసుపత్రి వరండాలో కాక వచ్చీరాని కన్నడంలో ఆమెకు జరిగింది చెప్పాడు. అక్కణ్ణుంచి ఠాణాకు పోయి అదే చెప్పాడు. నేనూ చెప్పాను. రాసుకున్నారు, అంతే.

ఆ తర్వాత తాండూరులో ఏ గనీ మమ్మల్ని రానివ్వలేదు. నేను రోడ్డు పనులకు మళ్ళాను. కాకకు ఆ వయసులో ఎవరూ మిషన్ ఇవ్వలేదు, కోట్‌పల్లి దగ్గర ఊరివాళ్ళ మేకలు కాశాడు. యజమాని మాత్రం ఇంకో గని తెరిచాడు, దండలు వేయించుకున్నాడు. కాకను చూడడానికి పోయినప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. కాక విసుక్కున్నాడు.

"ఏడిస్తే కోపం సల్లారతది. సల్లారనియ్యకు."

ఆ ఎండాకాలమే పోయాడు.

తాండూరు బస్సు ఇప్పటికీ ఆ గని ముందు నుంచే పోతుంది. అదేం గని అని పక్కనున్నవాళ్ళు ఎవరైనా అడిగితే, తాగని మనిషిని తాగుబోతని చెప్పిన చోటని, బస్సంతా వినబడేలా చెబుతాను.